కమాను కట్ట మార్చేటప్పుడు బరువు ఎవరి మీద ఉంది?

సభలోని పెద్దలకు, తోటి బండి యజమానులకు నమస్కారం. పాత పికప్ బండికి, అంటే వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కుకు, అరిగిపోయిన కమాను కట్టలను ఇంటి దగ్గరే ఎలా మార్చుకోవచ్చో చెప్పమని నన్ను అడిగారు. పెద్ద లారీల జోలికి నేను ఈ రోజు వెళ్లడం లేదు. వాటి కట్ట ఒక్కొక్కటి ఎత్తి దించడానికే వేరే సరంజామా కావాలి, వాటిని వాకిట్లో విప్పకూడదనేది నా గట్టి అభిప్రాయం. చిన్న ట్రక్కు వెనక కమాను కట్టలైతే ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు, మంచి పానాలు, నమ్మకమైన స్టాండ్లు ఉంటే రెండు రోజుల్లో మార్చుకోగలరు.

ఈ పని నాకు నేర్పింది మా బాబాయి. నేను పానా పట్టుకుని ఏ బోల్టు దగ్గరికి వెళ్లినా ఆయన నన్ను ఆపి, "ఒరేయ్, ఇప్పుడు బరువు ఎవరి మీద ఉంది?" అని అడిగేవారు. జాకీ మీద ఉందో, స్టాండు మీద ఉందో, కమాను మీద ఉందో, లేక ఆ బోల్టు మీదే ఉందో సరిగ్గా చెప్పేదాకా బోల్టు ముట్టుకోనిచ్చేవారు కాదు. అప్పట్లో నాకది చాదస్తంగా అనిపించేది. ఈ పనిలో నేను చూసిన ప్రమాదాలను, తప్పులను, పాడైన సామాన్లను ఒక్కొక్కటిగా తలచుకుంటే, దాదాపు ప్రతిదాని వెనకా ఆ ప్రశ్నకు జవాబు తెలియకుండా బోల్టు తిప్పిన చేయి కనిపిస్తుంది. అందుకే ఈ ప్రసంగం మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

కమాను అనే మాట పారసీకం నుంచి వచ్చింది, ఆ భాషలో దానికి విల్లు అని అర్థం. బండి కింద వంగి చూస్తే ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది. పొడవాటి పట్టీ ఒకటి పైన, దానికి రెండు చివరలా చుట్టిన కళ్లు, కింద అంతకంతకు పొట్టివవుతూ మరికొన్ని పట్టీలు, అన్నింటినీ నడుమ గుచ్చి పట్టే సెంటర్ బోల్టు. ముందు కన్ను బండి అడుగు చట్రమైన ఛాసిస్‌కు ఉన్న బ్రాకెట్‌లో ఒకే చోట స్థిరంగా తిరుగుతుంది. వెనక కన్ను మాత్రం షాకిల్ అనే ఊగే జంట పలకల మధ్య ఉంటుంది, ఎందుకంటే బరువు పడి విల్లు చదునయ్యేకొద్దీ ఒక కంటి నుంచి మరో కంటికి ఉన్న దూరం పెరుగుతుంది, ఆ పెరుగుదలకు ఎక్కడో ఒక చోట దారి ఇవ్వాలి.

బండి బరువు మోయడం కమాను చేసే పనుల్లో సగమే. ఇరుసును తన చోట తాను నిలబెట్టడం మిగతా సగం. వెనక చక్రాలు తోసే తోపు, బ్రేకు వేసినప్పుడు వచ్చే లాగుడు, మలుపులో పక్కకు వచ్చే ఒత్తిడి, ఇవన్నీ ఇరుసు నుంచి ఛాసిస్‌కు చేరేది చాలా పాత ట్రక్కుల్లో ఈ కట్ట ద్వారానే. అలాంటి బండికి ఇరుసును పట్టే వేరే కడ్డీలు ఉండవు. కాబట్టి కట్టను ఇరుసుకు బిగించి పట్టే యు ఆకారపు బోల్టులను, అంటే యు బోల్టులను, వదులు చేసిన క్షణంలో మీరు ఒక స్ప్రింగును విప్పుతున్నామని అనుకుంటారు గానీ, నిజానికి వెనక చక్రాలకూ బండికీ ఉన్న బంధాన్నే విప్పుతున్నారు. ఈ సంగతి మనసులో ఉంటే మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పకుండానే గుర్తుకొస్తాయి.

కట్ట అరగడం అంటే ఏమిటో కూడా కొంచెం విడదీసి చూడాలి, ఎందుకంటే జనం ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు జబ్బులను కలిపేస్తారు. మొదటిది కుంగడం. ఏళ్ల తరబడి బరువు మోసిన ఉక్కు తన పాత వంపుకు పూర్తిగా తిరిగి రాక, కొద్దికొద్దిగా చదునుగానే ఉండిపోతుంది. ఇందులో ఉక్కు మెత్తబడదు, దాని ఆకారమే పోతుంది. రెండోది పలచబడడం. పట్టీల మధ్య నీరు, బురద చేరి తుప్పు పొరలు పొరలుగా రాలిపోతాయి, పట్టీ చివరలు పై పట్టీ మీద రాసుకుని గుంట పడుతుంది. పట్టీ బిగువు దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. అంటే 8 మిల్లీమీటర్ల పట్టీ 7 మిల్లీమీటర్లకు తరిగితే మందం పోయింది ఎనిమిదో వంతే అయినా, బిగువు మాత్రం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. మూడోది పగులు. ఇది అన్నిటికంటే చెడ్డది, బయటికి కనిపించేది కూడా అన్నిటికంటే ఆలస్యంగానే.

కుంగుడును కొలవడం తేలిక, కానీ జనం తప్పుగా కొలుస్తారు. నేల నుంచి తొట్టి అంచు దాకా కొలిస్తే టైరులో గాలి తక్కువైనా కమాను కుంగినట్టే కనిపిస్తుంది. చక్రం నడిమి బిందువు నుంచి నిలువుగా పైన మడ్‌గార్డ్ అంచు దాకా కొలవండి, అప్పుడు టైరు లెక్కలోకి రాదు. బండి ఖాళీగా, చదును నేల మీద ఉండాలి. కొలిచే ముందు తొట్టిని రెండు చేతులతో నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదలండి, ఎందుకంటే పట్టీల మధ్య రాపిడి వల్ల కట్ట ఆగిన చోటే ఆగిపోయి అబద్ధపు కొలత ఇస్తుంది. రెండు పక్కల కొలతల మధ్య తేడా ఎంత ఉందో, ఇరుసుకూ పైనున్న రబ్బరు దిమ్మకూ మధ్య ఖాళీ ఎంత మిగిలిందో రాసి పెట్టుకోండి. ఖాళీ బండికే ఆ రబ్బరు దిమ్మ ఇరుసును దాదాపు తాకుతూ ఉంటే, దాని మీద మెరుపుగా రాపిడి గుర్తు ఉంటే, మీ కమాను తన పని మానేసి చాలా రోజులైందని అర్థం. ఆ రాసిన కొలతలు తర్వాత కొత్త కట్ట వేశాక కూడా పనికొస్తాయి.

పగులు వెతకడానికి మా బాబాయి చూపించిన పద్ధతి ఒకటి ఉంది, ఏ యంత్రమూ అక్కర్లేనిది. అనుమానం ఉన్న చోట వైరు బ్రష్‌తో తుప్పు మొత్తం గోకి, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో బాగా తడపాలి. కాసేపు ఆగి పొడి గుడ్డతో పైనున్న కిరోసిన్ అంతా తుడిచేసి, సుద్ద పొడిని నీళ్లలా పలచగా కాకుండా పొడిగానే అద్దాలి. తర్వాత బండి మీద ఒక మనిషి ఎక్కి తొట్టిలో అటూ ఇటూ ఊగాలి. పగులు లేకపోతే తెల్లటి సుద్ద తెల్లగానే ఉంటుంది. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద వెంట్రుక అంత సన్నటి తడి గీత మెల్లగా నల్లబడుతూ కనిపిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆ గీత ముందు కంటికి నాలుగు వేళ్ల దూరంలో మొదలై పట్టీ వెడల్పులో సగం దాకా పాకి ఉంది. ఆ బండి మీదే నేను అంతకుముందు వారం నిండు బరువుతో తిరిగాను. పగుళ్లు ఎక్కువగా పుట్టేది సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర, కంటి మెడ దగ్గర, పొట్టి పట్టీల కొస పై పట్టీని ఒత్తే చోట. సెంటర్ బోల్టు రంధ్రం యు బోల్టుల పలక కింద దాగి ఉంటుంది గనుక విప్పకుండా చూడలేరు. కానీ పలక అంచున ఎర్రటి మెత్తటి పొడి రాలుతూ ఉంటే లోపల ఏదో కదులుతోందని గ్రహించండి.

ఇక్కడ చాలామంది రెండు అడ్డదారులు ఆలోచిస్తారు. పాత కట్టలోకి మరో పట్టీ చేర్చడం ఒకటి, పాత పట్టీలను చల్లగానే సుత్తితో కొట్టి తిరిగి వంపు తెప్పించడం మరొకటి. పట్టీ చేర్చితే ఎత్తు వస్తుంది, నిజమే. కానీ పలచబడిన, పగులు పట్టిన పాత పట్టీలు అలాగే ఉంటాయి, పైగా బిగువైన కొత్త పట్టీ వాటిని కొత్త చోట్ల ఒత్తుతుంది. సుత్తితో కొట్టి తెచ్చిన వంపు మళ్లీ ఉక్కును సరిగ్గా కాచి పదును పెడితే తప్ప ఎంతో కాలం నిలవదు. కట్ట ఆరోగ్యంగా ఉండి, బరువు మాత్రమే పెరిగిన బండికి పట్టీ చేర్చడాన్ని నేను కాదనను. తుప్పు పొరలు రాలుతున్న కట్టకు మాత్రం ఈ రెండింటినీ నేను ఒప్పుకోను.

కొత్త కట్ట కొనేటప్పుడు బండి పేరు చెప్పి ఇచ్చింది తెచ్చుకోకండి. పాతదాని మీద కొలతలు తీసుకుని వెళ్లండి. పట్టీ వెడల్పు, పట్టీల సంఖ్య, కళ్ల లోపలి వ్యాసం, అన్నిటికంటే ముఖ్యంగా సెంటర్ బోల్టు నుంచి ముందు కంటికి ఎంత, వెనక కంటికి ఎంత అని విడివిడిగా కొలవాలి. చాలా బండ్లలో ఈ రెండు దూరాలు సమానంగా ఉండవు. తిరగేసి బిగిస్తే ఇరుసు తన చోటు నుంచి జరిగిపోతుంది, చక్రం మడ్‌గార్డ్ గూటిలో ఒక పక్కకు ఒరుగుతుంది, ఇంజిను తిప్పుడును వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు లెక్క తప్పుతుంది. కట్టలు రెండు పక్కలకూ ఒకేసారి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బండి ఎప్పుడూ ఒక భుజం దించుకునే నిలబడుతుంది. యు బోల్టులు, వాటి నట్లు, వాషర్లు తప్పనిసరిగా కొత్తవే కావాలి. యు బోల్టు బిగించినప్పుడు అది కొద్దిగా సాగి, ఆ సాగుడుతోనే కట్టను పట్టుకుంటుంది. ఒకసారి సాగి, మరలు ఒత్తుకుపోయిన బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. షాకిల్ బుష్‌లు, అంటే బోల్టు చుట్టూ కూర్చునే తొడుగులు, ఆ బోల్టులు కూడా ఇప్పుడే మార్చడం తెలివైన పని, మళ్లీ ఇవి విప్పాలని ఎవరికీ ఉండదు.

అసలు పని మొదలుపెట్టడానికి మూడు నాలుగు రోజుల ముందే తుప్పు వదిలించే నూనెను ప్రతి నట్టుకూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయడం ప్రారంభించండి. నూనె తనంతట తాను మరల్లోకి పాకడానికి సమయం పడుతుంది. పని రోజున డబ్బా మొత్తం కుమ్మరించినా ఆ ఫలితం రాదు.

బండి ఎత్తడం గురించి కొంచెం నిదానంగా చెప్తాను. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మట్టి నేల మీద, ఎండకు మెత్తబడే తారు మీద స్టాండు కాళ్లు దిగబడతాయి. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు అడ్డు పెట్టండి. హ్యాండ్‌బ్రేకు వేశాం కదా అని ఊరుకోకూడదు. చాలా ట్రక్కుల్లో హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, మీరు గాలిలోకి లేపేది కూడా ఆ చక్రాలనే. లేపిన మరుక్షణం ఆ బ్రేకు ఉన్నా లేనట్టే. తర్వాత వెనక భాగాన్ని ఎత్తి, కమాను ముందు బ్రాకెట్‌కు కాస్త ముందుగా, ఛాసిస్ దూలం కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టండి. బోలు సిమెంటు ఇటుకలను ఈ పనికి ఎప్పుడూ వాడకండి, అవి ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పిండి అవుతాయి. విప్పిన చక్రాలను ఛాసిస్ కింద పడుకోబెట్టి ఉంచండి. స్టాండు జారినా మీకూ బండికీ మధ్య ఆ టైరు మందం ఖాళీ మిగులుతుంది. దూరే ముందు తొట్టిని పక్క నుంచి గట్టిగా తోసి చూడండి. అది అప్పుడు కదిలితే మీరు బయట ఉన్నారు, మీరు కింద ఉండి లివరు వేసినప్పుడు కదిలితే మరి లేవరు.

ఇప్పుడు మా బాబాయి ప్రశ్న. ఛాసిస్ బరువు స్టాండ్ల మీద ఉంది. మరి ఇరుసు బరువు? చక్రాలు విప్పి, కింద ఏ ఆధారమూ లేకపోతే అది కమాను కట్టల నుంచీ షాక్ అబ్సార్బర్ల నుంచీ వేలాడుతోంది. ఆ స్థితిలో యు బోల్టు విప్పితే ఇరుసు కింద పడుతుంది, దానితో పాటు బ్రేకు గొట్టం తెగుతుంది. అలాగని జాకీతో ఇరుసును మరీ పైకి ఎత్తితే కమాను అణిగి, దానిలో బలం కూడి, విప్పిన మరుక్షణం ఎగురుతుంది. కావలసిన స్థితి ఈ రెండింటికీ నడుమ ఉంది. ఇరుసు బరువు జాకీ మోయాలి, కమాను మీద పై నుంచి గానీ కింది నుంచి గానీ ఏ ఒత్తిడీ ఉండకూడదు. అది దొరికిందని ఎలా తెలుస్తుంది? షాక్ అబ్సార్బర్ కింది బోల్టు ముందుగా విప్పి, షాకిల్‌ను పట్టుకుని కదపండి. జాకీని వేలెడంత పైకి, వేలెడంత కిందికి జరుపుతూ ఉంటే ఒక చోట షాకిల్ చేతికి తేలికగా ఊగుతుంది. ఆ చోటే మనకు కావలసింది, అక్కడ జాకీని ఆపండి. మరో జాకీ గానీ స్టాండు గానీ ఉంటే ఇరుసు నడుమ గేర్లుండే డిఫరెన్షియల్ ముక్కు కింద తోడు పెట్టండి, ఎందుకంటే ఇరుసు నడుమ ఒక పక్కకు బరువుగా ఉండి తిరగబడాలని చూస్తుంది.

అదే సమయంలో బ్రేకు గొట్టం ఎంత బిగువుగా ఉందో, హ్యాండ్‌బ్రేకు తీగ ఎక్కడ చిక్కుకుందో కంటితో చూసుకోండి. కొన్ని ట్రక్కుల్లో బరువును బట్టి వెనక బ్రేకుకు ఒత్తిడి తగ్గించి పెంచే వాల్వు ఒకటి ఛాసిస్‌కు ఉండి, దాని సన్నటి కడ్డీ ఇరుసుకు తగిలించి ఉంటుంది. అది వంగితే మళ్లీ సరిచేయడం కష్టం, ముందే ఆ కడ్డీని విప్పి పక్కకు కట్టేయండి. పాత బండి బ్రేకు లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది గనుక డ్రమ్ముల చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి.

ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. రెండు పక్కలా ఒకేసారి విప్పితే ఇరుసుకు దారి చూపేది ఏదీ ఉండదు, అది తిరిగిపోతుంది, మళ్లీ దాన్ని తన చోటికి తేవడానికి ముగ్గురు మనుషులు కావాలి. ఒక పక్క పాత కట్ట ఉన్నంత కాలం ఇరుసు కాస్త జరిగినా చేతికి అందే దూరంలోనే ఉంటుంది. యు బోల్టు నట్లు తిరగకపోతే వాటితో కుస్తీ పట్టకండి, ఎలాగూ పారేసేవే, గ్రైండరుతో కోసేయండి. నిప్పురవ్వలు ఎటు పడుతున్నాయో చూసుకుంటే చాలు.

అసలు కుస్తీ ఉండేది ముందు కంటి బోల్టుతో. ఈ పనిలో నాకు ఎక్కువ సమయం తిన్నది అదే, అందరికీ అదే. నట్టు వచ్చేస్తుంది, బోల్టు తిరుగుతుంది కూడా, కానీ బయటికి రాదు. కారణం ఏమిటంటే రబ్బరు బుష్ నడుమ ఉన్న ఉక్కు గొట్టమూ, ఆ గొట్టంలోని బోల్టూ తుప్పు పట్టి ఒకటైపోయాయి. మీరు బోల్టును తిప్పుతుంటే గొట్టమూ దానితోనే తిరుగుతోంది, రబ్బరు మెలిపడి మళ్లీ వెనక్కి లాగుతోంది. ఎన్ని దెబ్బలు కొట్టినా ఆ రబ్బరే దెబ్బను మింగేస్తుంది. మొదటిసారి నేను సుత్తితో ఒక పూటంతా కొట్టి, బోల్టు కొసను పుట్టగొడుగులా విప్పార్చి, మరింత ఇరికించాను. ఆ సాయంత్రం బాబాయి వచ్చి చూసి ఏమీ అనకుండా, పొడవాటి ఉక్కు రంపపు బ్లేడును బ్రాకెట్‌కూ కంటికీ మధ్య సందులో పెట్టి చూపించారు. బోల్టును ఆ సందులో ఒక పక్క, మరో పక్క కోస్తే మధ్య ముక్క కట్టతో పాటే కిందికి వచ్చేస్తుంది. చేత్తో కోస్తే ఓపిక కావాలి, మోటారు రంపం ఉంటే పని త్వరగా తెములుతుంది. బ్రాకెట్ లోపలి చెంప గీసుకోకుండా మాత్రం చూసుకోవాలి.

మంటతో కాల్చి వదులు చేద్దామా అని చాలామంది అడుగుతారు. ముందు బ్రాకెట్ దగ్గర కాల్చవద్దని ఖచ్చితంగా చెప్తాను. చాలా ట్రక్కుల్లో ఒక పక్క బ్రాకెట్‌ను ఆనుకునే ఇంధన ట్యాంకు ఉంటుంది, బ్రేకు గొట్టాలు ఛాసిస్ వెంట అక్కడి నుంచే వెళ్తాయి, బుష్‌లోని రబ్బరు అంటుకుంటే ఆపడం కష్టం, పొగ ఊపిరికి మంచిది కాదు. కొన్ని బండ్లలో ట్యాంకు వైపు బోల్టు తల ఉండి, బోల్టు బయటికి రావాలంటే ట్యాంకే అడ్డమవుతుంది. అక్కడ ట్యాంకు పట్టీలు వదులు చేసి కొంచెం దించుకోవడమో, బోల్టును కోసి బయటి వైపు నుంచి తీయడమో తప్ప మరో దారి లేదు. కోసే ముందు ట్యాంకు ఎంత ఖాళీగా ఉంటే అంత మేలు, రవ్వలు అటు పడకుండా తడి గుడ్డ, రేకు అడ్డం పెట్టాలి. కొత్త బోల్టు వేసేటప్పుడు తలను బయటి వైపుకు పెడితే ఎప్పటికైనా మళ్లీ విప్పాల్సిన వాళ్లకు ఈ తిప్పలు ఉండవు.

పాత కట్ట కిందికి దిగాక దాని సెంటర్ బోల్టు విప్పి లోపల ఏముందో చూడాలనే ఆసక్తి ఎవరికైనా పుడుతుంది. కట్టలోని పట్టీలన్నింటికీ ఒకే వంపు ఉండదు. పొట్టి పట్టీలకు వంపు ఎక్కువ, బోల్టు బిగించినప్పుడు అవన్నీ ఒకదానితో ఒకటి బలవంతంగా హత్తుకుని ఉంటాయి. ఆ బోల్టు ఒక్కటీ తెగిందంటే పట్టీలు ఎగురుతాయి. చూడాలంటే రెండు గట్టి సి క్లాంపులు రెండు పక్కలా బిగించి, బోల్టు తీసి, క్లాంపులను ఒక్కో చుట్టు వదులుతూ రండి. నేను చూశాను. సెంటర్ బోల్టు సగానికి అరిగి, నడుము సన్నబడిన ఇసుక గడియారంలా ఉంది.

ఇరుసు మీద కట్ట కూర్చునే గద్దెను ఇనుము మెరిసే దాకా శుభ్రం చేయండి. ఆ గద్దెకూ కట్టకూ మధ్య తుప్పు పొర గానీ మందపు రంగు గానీ ఉంటే అది కొద్ది రోజుల్లో నలిగి రాలిపోతుంది, రాలిన మేరకు యు బోల్టుల బిగుతు పోతుంది. బ్రాకెట్లను, వాటి రివెట్లను, ఛాసిస్ దూలాన్ని సుత్తితో తట్టి వినండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. అలా పలికితే అక్కడితో ఇంటి పని ఆపేయండి. కుళ్లిన ఛాసిస్‌కు కొత్త కమాను వేయడం ఎవరికీ క్షేమం కాదు.

కొత్త కట్టను ఇద్దరు పట్టుకుని, ముందు కన్ను బ్రాకెట్‌లో పెట్టి బోల్టు వేయండి, తర్వాత వెనక షాకిల్. రెండూ చేతితో తిరిగేంత వదులుగానే ఉంచండి. కొత్త కట్టకు వంపు ఎక్కువ గనుక పొడవు తక్కువగా కనిపిస్తుంది, షాకిల్ రంధ్రాలు కలవవు. అందుకు కంగారు పడక్కర్లేదు. జాకీతో ఇరుసును కొంచెం ఎత్తితే కట్ట చదునై, రంధ్రం రంధ్రానికి వస్తుంది. ఇక్కడ ఓపిక పట్టలేని చోట చాలామంది రంధ్రంలో వేలు పెట్టి కలిసిందా లేదా అని చూస్తారు. ఆ వేలు మీద అప్పుడు ఎవరి బరువు ఉందో ఆలోచించండి. స్క్రూడ్రైవర్ కొసతో చూడండి. ఇరుసును పైకి తెచ్చేటప్పుడు సెంటర్ బోల్టు తల గద్దెలోని రంధ్రంలో సరిగ్గా కూర్చుందా అన్నది పక్క నుంచి దీపం వేసి చూసుకోవాలి. కట్ట ఇరుసు పైన ఉండే బండ్లలో ఆ తల కిందికి ఉంటుంది, ఇరుసు కింద ఉండే బండ్లలో పైకి ఉంటుంది. ఆ తల రంధ్రం అంచు మీద ఎక్కి ఉండగా యు బోల్టులు బిగిస్తే కట్ట కూర్చున్నట్టే కనిపిస్తుంది, కానీ ఇరుసు ఒక పక్క జరిగి బండి అడ్డంగా నడుస్తుంది.

యు బోల్టుల నాలుగు నట్లనూ ఒకేసారి బిగించరాదు. మూలకు మూల, కొంచెం కొంచెంగా, నాలుగు కాళ్లూ పలక కింద సమానంగా బయటికి వచ్చేలా బిగించాలి. చివరి బిగుతు తయారీదారు పుస్తకంలో చెప్పిన అంకెకు, బిగుతును కొలిచి టక్కుమని చెప్పే పానా అయిన టార్క్ రెంచితోనే తేవాలి. ఆ అంకె పొడి మరలకా, నూనె రాసిన మరలకా అన్నది కూడా చూడండి. నూనె రాసిన మర మీద అదే అంకెకు తిప్పితే బోల్టు మరింత ఎక్కువగా సాగుతుంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. మొదటిసారి బండి ఇంకా స్టాండ్ల మీద ఉండగానే, ఇరుసు కిందికి వేలాడుతుండగానే, కంటి బోల్టులను, షాకిల్ బోల్టులను పూర్తిగా బిగించేశాను. అన్నీ గట్టిగా ఉన్నాయి కదా అని సంతోషపడ్డాను. రబ్బరు బుష్ తన లోపలి గొట్టానికీ, బయటి గొట్టానికీ అతికి ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌కు కరుచుకుపోతుంది, ఆ తర్వాత కమాను ఎంత ఊగినా ఆ ఊపును రబ్బరు మెలిపడి భరిస్తుంది. గాలిలో వేలాడే స్థితిలో బిగిస్తే ఆ స్థితే దానికి విశ్రాంతి స్థితి అవుతుంది. బండి నేల మీద దిగగానే రబ్బరు మెలిపడుతుంది, నిలబడ్డ ప్రతి క్షణమూ ఆ మెలిలోనే ఉంటుంది. ఆరు నెలలు తిరక్కుండానే నా కొత్త బుష్‌లు చీలిపోయి, ప్రతి గుంటలో టకటకమని మోత మొదలైంది. విప్పి చూస్తే రబ్బరు ఒకే దిక్కుకు, బట్ట పిండినట్టు చిరిగి ఉంది. అది చూశాక ఆ ప్రశ్నకు అసలు అర్థం నాకు తెలిసింది. బోల్టు విప్పేటప్పుడు బరువు కమాను మీద ఉండకూడదు, కంటి బోల్టు చివరగా బిగించేటప్పుడు మాత్రం బరువు కమాను మీదే ఉండాలి.

కాబట్టి చక్రాలు వేసి, బండిని నేల మీద దించి, తొట్టిని నాలుగు సార్లు ఊపి, కట్ట తన సహజమైన ఎత్తులో నిలబడ్డాకే ఆ బోల్టులను పుస్తకం చెప్పిన అంకెకు బిగించండి. కిందికి దూరడానికి చోటు చాలకపోతే ఇరుసు కింద స్టాండ్లు పెట్టి బండి బరువు మొత్తం ఇరుసు మీదే నిలిపినా ఫలితం అదే. గ్రీజు పెట్టే ఇత్తడి లేక కంచు బుష్‌ల బండికి ఈ మెలి బాధ లేదు, దానికి గ్రీజు పక్కల నుంచి బయటికి వచ్చే దాకా గన్నుతో కొట్టడమే ముఖ్యం.

రెండు పక్కలూ అయ్యాక మొదట రాసుకున్న కొలతలు తీయండి. కొత్త కట్ట కొంచెం ఎత్తుగా నిలబడడం సహజం, కొద్ది రోజుల్లో అది ఒక మెట్టు దిగి స్థిరపడుతుంది. వెనక ఎత్తు పెరిగితే హెడ్‌లైట్ల వెలుగు కిందికి వాలుతుంది, వాటిని సరిచేయాలి. బరువును బట్టి పనిచేసే బ్రేకు వాల్వు ఉన్న బండికి ఆ కడ్డీ కొత్త ఎత్తుకు సరిపడా అమర్చాలి, లేకపోతే బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందని ఆ వాల్వు అనుకుని, నిండు బరువుతో ఉన్నప్పుడు కూడా వెనక బ్రేకును తగ్గించేస్తుంది. బ్రేకు గొట్టం ఇరుసు పూర్తిగా దిగినా బిగుసుకోకుండా ఉందా చూసుకుని, ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి, మెల్లగా బ్రేకు వేసి చూడండి.

ఇందాక వెనక వరుసలోంచి ఒకరు, యు బోల్టులు ఒకసారి సరిగ్గా బిగించాక మళ్లీ ఎందుకు చూడాలని అడిగారు. కొత్త పట్టీల మీది రంగు, గద్దె మీద మిగిలిన సన్నటి ఎగుడుదిగుళ్లు, మరల గరుకుదనం, ఇవన్నీ బరువు పడి ఊగుతున్న కొద్దీ నలిగి సర్దుకుంటాయి. సర్దుకున్నది వెంట్రుక మందమే అయినా యు బోల్టు సాగుడు కూడా అంత సన్నటిదే గనుక దాని పట్టులో పెద్ద భాగం పోతుంది. అందుకే నేను 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, 1000 దాటేలోపు మరోసారి టార్క్ రెంచి పెట్టి చూస్తాను. మొదటిసారి బిగించగానే ప్రతి నట్టు మీద నుంచి పలక మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీసి ఉంచుతాను. 100 కిలోమీటర్ల తర్వాత రెంచి టక్కుమనే లోపు నాలుగు నట్లూ ఎంతో కొంత తిరుగుతాయి, పలక మీది గీత ఒక చోట, నట్టు మీది గీత మరో చోట కనిపిస్తాయి. పాత గీత తుడిచి కొత్తది గీస్తాను. రెండోసారి రెంచి పెట్టినప్పుడు నట్టు కదలకుండానే టక్కుమని, గీత తెగకుండా ఒకటిగా ఉంటే, ఆ కట్టను సర్వీసు పుస్తకం చెప్పిన తనిఖీ వచ్చేదాకా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.